ఎలుకలు చూసిన వైపు

మనవరాలు సిద్దికా సంచిలో రొట్టెలు నేనే సర్దాను. నల్లపాడు దగ్గర ల్యాబులో దానికి నైట్ డ్యూటీ. షుగరు తగ్గుతుందేమో చూడ్డానికి అక్కడ ఎలుకలకు నేరేడుగింజల రసం పట్టిస్తారు.

"రసం తాగినవన్నీ చీకటిపడితే పత్తిచేను వైపు గోడకేసే చూస్తున్నాయి, అమ్మమ్మా."

"వాటికేం కనపడుతోందే?"

"పత్తి బేరానికి చూస్తున్నాయేమో," అని నవ్వి వెళ్లింది.

రాత్రి ఫోన్ చేసింది. "అన్నీ ఒక్కసారే తలలు తిప్పుతున్నాయి, ఎవరో గోడవతల నడుస్తున్నట్టు. ఇప్పుడు వాటి చూపు తలుపు దగ్గర ఆగింది."

ఫోన్‌లో ఎలుకల చప్పుడే లేదు. "తలుపు తియ్యకే తల్లీ, తెల్లారనీ."

"ఏంటో చూసొస్తాలే. ఫోన్ పెట్టకు."

గడియ తీయడం వినపడింది. ఆ వెంటనే ఎలుకలు మామూలుగా బోనులు గీకడం మొదలుపెట్టాయి. ఛార్జింగ్ అయిపోయేదాకా పిలుస్తూనే ఉన్నాను.

సిద్దికా తిరిగి రాలేదు. ఇదంతా జరిగింది పోయిన నవంబరులో, పత్తితీతలప్పుడు.