ఏడాది ప్లాను

"నెల ప్లానే సాలు అబ్బా. ఏడాదిది ఎందుకు?" అంది అఫ్సానా.

"ఏడాదిదే తీస్కో," అన్నాడు కరీముద్దీన్.

బేరం ఇలా తలకిందులుగా నడవడం ఆ ఇంట్లో అదే మొదలు. కరీముద్దీన్ ఎనుమాముల మార్కెట్లో దడువాయి. మిర్చి బస్తాలు తూకం వేయడం ఆయన పని. ముప్పై ఏళ్లలో పావు కిలో తేడా రానివ్వని మనిషి. కూరగాయల అంగట్లో కొసరు కొత్తిమీర పడందే కదలడు. అలాంటివాడు ఇవాళ ఎక్కువ పెడతానంటున్నాడు. కూతురేమో వద్దంటోంది.

పోనీ, కొనేది చేతికందే వస్తువా అంటే అదీ కాదు. కంప్యూటర్లో కోడింగ్ రాసిపెట్టే ఏఐ. మనం చెబితే అది రాస్తుంది, తప్పుంటే దిద్దుతుంది. ఫ్రీగా అయితే రోజుకు కాసేపే పలుకుతుంది, ఆ తర్వాత రేపు రమ్మంటుంది. డబ్బు కడితే రోజంతా పనిచేస్తుంది. నెలకు పద్దెనిమిది వందలు. ఏడాదికి ఒకేసారి కడితే పద్దెనిమిది వేలు.

"జర లెక్క చూడు బేటా. పన్నెండు నెలలకు పది నెలల పైసలే. రెండు నెలలు ముఫత్. తెల్సి తెల్సి ఎవరన్న ఇడిశిపెడ్తరా?"

"పన్నెండు నెలలు వాడితే గద అబ్బా ముఫత్! నా యాప్ ఫ్రీదాంతోనే సగమైంది, ఇప్పటికే కాగితాలు సదువుతాంది. మిగిలింది ఒక్క నెలల అయిపోతది."

"అయినంక ఇంకోటి చెయ్యి. దానెనక ఇంకోటి."

అఫ్సానా నవ్వింది. ఇరవై ఏళ్ల పిల్ల. నవ్వితే ఇప్పుడు ఆ ముఖంలో పళ్లే ఎక్కువ కనబడుతున్నాయి. కరీముద్దీన్ చూపు తిప్పుకున్నాడు.

ఆ యాప్ ఆయన కోసమే. కరీముద్దీన్ తెలుగే కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలే రాదు. బ్యాంకు నుంచి ఏ కాగితం వచ్చినా మడిచి జేబులో పెట్టుకుని, కూతురు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగేవాడు. ఇక ఆ తిప్పలు ఉండవు. కాగితాన్ని ఫోటో తీస్తే చాలు, అందులో ఉన్నదంతా యాప్ తెలుగులో చదివి వినిపిస్తుంది. గొంతు కూడా అఫ్సానాదే. రోజుల తరబడి కూర్చుని తన మాటలే రికార్డు చేసి పెట్టింది.

"నువ్వుండంగ నాకు ఫోన్ ఎందుకు సదవాలె?" అని ఆయన మొదట్లో గునిశాడు కూడా.

"నేను ఇంట్ల లేనప్పుడు పనికొస్తది," అంది ఆమె.

రెండు నెలల కింద, నీరసం ఎంతకీ తగ్గడం లేదని కూతుర్ని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ అఫ్సానాను బయట కూర్చోబెట్టి ఆయన్ను మాత్రం లోపలికి పిలిచింది. రోగం ముదిరిపోయిందని చెప్పింది. ఆరు నెలలు గడిస్తే గొప్ప అంది. కరీముద్దీన్ ఆమె ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకుని బయటికొచ్చి, "రక్తం తక్కువున్నదట బేటా, గంతే," అన్నాడు.

గోడలకు చెవులుంటాయని, భార్య రజియాకు కూడా ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. కాజీపేట దర్గాకు తీసుకెళ్లి చెప్పాడు. ఏడ్పంతా అక్కడే ఏడ్చి ఇంటికొచ్చారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేకు పెట్టెలో పెళ్లినాటి షేర్వానీ అడుగున దాచాడు.

ఆ రోజు నుంచి ఆయనకు ఒక్కటే ధ్యాస. బిడ్డకు తెలియకూడదు. తెలిస్తే ఉన్న నాలుగు రోజులు కూడా నవ్వుతూ బతకదు. అందుకే ఇంట్లో ఎప్పుడూ వచ్చే ఏటి మాటలే మాట్లాడతాడు. వచ్చే రంజాన్‌కు కొనబోయే బట్టలు, వచ్చే ఏడు రాబోయే ఉద్యోగం. ఇప్పుడు నెల ప్లాన్ చాలని ఒప్పుకుంటే పిల్లకు అనుమానం రాదూ? ఏడాదికి కట్టాల్సిందే.

"నా మాట ఇనవా? ఏడాదిది నొక్కు," అన్నాడు. మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. కోపమనుకుంటుందిలే అనుకున్నాడు.

అఫ్సానా తండ్రి ముఖంలోకి కాసేపు చూసింది.

"ఎందుకు గంత ఫికర్ జేత్తానవ్ అబ్బా? నువ్వే గెలిశినవ్. ఏడాదిదే తీస్కుందాం. వచ్చే ఏడు గూడ పనికొస్తది."

ఏడాది ప్లాన్ నొక్కింది. కరీముద్దీన్‌కు గుండెల మీది నుంచి బస్తా దించినట్టయింది. అల్లా దయ, పిల్లకేమీ తెలియదు.

ఇరవై రోజుల్లో యాప్ పూర్తిగా తయారైంది. అఫ్సానా తన ఫోన్ తండ్రి చేతికిచ్చి కరెంటు బిల్లు ఫోటో తీయించింది.

"అబ్బా, నాలుగు వందల పన్నెండు రూపాయల బిల్లు వచ్చింది. పదిహేనో తారీఖు లోపల కట్టాలె," అంది ఫోన్, అచ్చం అఫ్సానాలాగే.

కరీముద్దీన్ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇగ నువ్వు ఎవ్వరి దగ్గరికీ పోనక్కర్లే," అంటూ అఫ్సానా గోడ పట్టుకుని లోపలికెళ్లి పడుకుంది.

ఆయనకు ఆ గొంతు ఇంకోసారి వినాలనిపించింది. మిర్చి బస్తాలు తూచి తూచి మొద్దుబారిన బొటనవేలు ఫోన్ మీద జారింది. యాప్ చదివిన కాగితాల బొమ్మలన్నీ గబగబా పైకి వెళ్లిపోయాయి. చిట్టచివరన, అన్నిటికంటే మొదట చదివించిన కాగితం దగ్గర ఆగాయి. నాలుగు మడతల కాగితం. పక్కన ఉన్న తేదీ ఏడాది ప్లాన్ కట్టడానికి నెల ముందుది.

చెయ్యి తీసేలోపే వేలు తగిలింది. కరెంటు బిల్లు చదివినంత నిదానంగా అఫ్సానా గొంతు చదివింది: "రోగికి ఈ సంగతి చెప్పవద్దని తండ్రి కోరారు."