తెగులు సోకని తోట

"మందూ లేదు, మాకూ లేదు. చెట్టును నమ్మాలి, అంతే!" అన్నాడు తోట యజమాని, పెరటి చెట్టుకున్న కోకో కాయను అరచేత్తో తట్టి.

ముసురు పట్టి వారమైంది. చుట్టుపక్కల తోటలన్నిటా కాయలు నల్లబడి కుళ్లుతున్నాయి. ఈయన చెట్లకు మాత్రం మచ్చుకైనా మచ్చ లేదు.

ఆయన బాబాయి కొడుకు నోరు వెళ్లబెట్టి చూశాడు. నిరుడు అతని పంటలో సగాన్ని నల్లకాయ తెగులు మింగేసింది.

"ఈసారీ పోతే చెట్లు కొట్టేయడమే అన్నయ్యా. మైలుతుత్తం, సున్నం తెచ్చాను. కలిపి చల్లుదామని..."

"వాపసు ఇచ్చెయ్! మందు మరిగిన చెట్టు సోమరిదైపోతుందిరా. ఏడేళ్లలో ఒక్క చుక్క చల్లానా? నల్లకాయ ఒక్కటి చూపించు, మీసం తీయించుకుంటా."

"ఆయన మాట వినకు" అంది యజమాని భార్య, కాఫీ గ్లాసులతో వస్తూ. "చల్లవయ్యా. వాన తెరిపిచ్చింది, ఇవాళే చల్లు."

యజమాని ముఖం జేవురించింది.

"తెల్లారేసరికి ఏ పొరుగింట్లోనో కబుర్లు. వేళకు కాఫీ ఇవ్వడం చేతకాదు గానీ సేద్యం చెబుతోంది! నీకేం తెలుసే చెట్టు సంగతి?"

ఆమె గ్లాసులు చప్పుడయ్యేలా దించింది. మందు కొందామని మొదటి ఏడాది అడిగినప్పుడూ ఇలాగే అరిచాడు. పంట పండితే తన చేతి చలవన్నాడు. రైతుసంఘం సభలో దండ వేయించుకున్నాడు. ఇప్పుడా దండనే ఇంకొకరి మెడకు ఉరిగా బిగిస్తున్నాడు.

"సరే అన్నయ్యా, మూట వాపసు ఇచ్చేస్తా" అంటూ మరిది లేచాడు.

"ఆగు" అంది ఆమె. గోడకు ఆనించి ఉన్న పార తీసి అతని చేతికిచ్చింది. "ఆ పాక వెనక, మెత్తగా ఉన్నచోట తవ్వు."

"మతి పోయింది దీనికి" అని భర్త నవ్వుతూ వాళ్ల వెనకే నడిచాడు.

రెండు పారల మట్టి తీయగానే గుప్పున కంపు కొట్టింది. సున్నం పొర కింద గంపలకొద్దీ కోకో కాయలు, నల్లగా, చితికిపోయి.

భర్త నవ్వు ఆగిపోయింది.

"ఎవడి తోటవే ఇవి? మన దొడ్లో ఎవడు పూడ్చాడు?"

ఆమె అతని వంక చూడలేదు. మరిదితోనే చెప్పింది.

"మీ అన్నయ్య లేవకముందే రోజూ నేను కోసినవి."