కారు అప్పగింత

లీజు గడువు తీరిన కారు తాళాన్ని విజయ్ పాల్, దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు అప్పాజీ చేతిలో పెట్టాడు. లీజు కంపెనీవాళ్ళు అతన్ని పంపించారు.

“బ్రేకులవీ బాగున్నాయాండీ?” అప్పాజీ అడిగాడు.

“బాగానే ఉన్నాయండి.”

బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయని మెకానిక్ వారం కిందటే చెప్పాడు. తిరిగిచ్చేసే కారుకి రిపేరెందుకులే అని విజయ్ పాల్ ఊరుకున్నాడు.

అప్పాజీ సీట్లో కూర్చుని నవ్వాడు. “దారిలో పాలకొల్లులో మా పాపని ఎక్కించుకుంటానండి. కారెక్కాలని దానికి ఒకటే సరదా.”

విజయ్ పాల్ గబుక్కున తలుపు పట్టుకున్నాడు. “దిగండి. బ్రేకులు బాగోలేవు. నేనే బాగు చేయించి ఇస్తాను.”

“అయ్యబాబోయ్! ఇన్నాళ్ళూ మీ పిల్లల్ని ఇందులోనే తిప్పారాండీ?” అప్పాజీ జాలిపడ్డాడు.

విజయ్ పాల్ తల దించుకున్నాడు. మెకానిక్ చెప్పిన మర్నాటి నుంచీ తన పిల్లలిద్దరినీ ఆటోలోనే బడికి పంపిస్తున్నాడు.