దుబాయి బల్ల

గడప ముందు చక్రాల చప్పుడు కాగానే సఫూరా చాటలోంచి గుప్పెడు బియ్యం తీసుకుంది.

గురువారం. ఫకీర్లు వచ్చే రోజు.

బయట ఒక గడ్డపాయన. నడుము కింద చచ్చుబడి, చక్రాల పలక మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"జోలె పట్టు బాబా."

"ఖైరాత్‌కు రాలే చెల్లె. సలీమ్ ఇల్లు గిదేనా? ఆయనకు కాలు తిమ్మిరెక్కుతున్నదా?"

సఫూరా చెయ్యి ఆగింది. సలీమ్‌ది పాత నడుము నొప్పి. వారం నుంచి ఎడమ కాలు మొద్దుబారుతోంది.

"తిమ్మిరెక్కితే ఆ దుబాయి బల్లకు తలకిందులు ఏలాడనియ్యకు. ముందుగాల డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

లోపల సలీమ్ బల్ల మీద పడుకుని చీలమండలకు పట్టీలు బిగించుకుంటున్నాడు. తలకిందులుగా వేలాడితే నడుము నొప్పి పోతుందని, కామారెడ్డిలో ఎవరో అమ్ముతుంటే నిన్ననే కొనుక్కొచ్చాడు. పండుగలోపు లారీ ఎక్కకపోతే ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుంటానన్నాడు సేటు.

"ఎవలే?"

"ఫకీరు. బల్ల వద్దంటున్నడు."

"యెల్లారెడ్డి ఊరంతా మన బల్లను చూసి ఏడుస్తున్నది. గాయనకు గూడ గావాల్నేమో!" సలీమ్ నవ్వాడు. "ఇన్ని బియ్యమేసి పంపు."

"ఒక్కమాట ఆయనతోని మాట్లాడనియ్యి చెల్లె. శాన కష్టపడి వచ్చిన."

"దువా చెయ్యి బాబా, గది చాలు."

బియ్యం ఒళ్లో పోసి తలుపేసింది.

బల్ల కిర్రుమని తిరిగింది.

"హాయిగున్నదే సఫూరా," అన్నాడు సలీమ్, తలకిందులుగా.

ఆ తర్వాత అతను పెట్టిన కేకకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. సఫూరా తలుపు తీసింది. గడప మీద బియ్యం కుప్పగా పోసి ఉంది. మనిషి లేడు.

హైదరాబాద్ దవాఖానలో నెలంతా ఉన్నా సలీమ్ కాళ్లు కదల్లేదు. లారీ మీద ఇంకో డ్రైవర్ ఎక్కాడు.

సఫూరా బల్లను బస్సు మీద కట్టించుకుని, అమ్మినవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ కామారెడ్డి వెళ్లింది.

తలుపు తీసిన ముసలామెను చూడగానే విరుచుకుపడింది.

"గిది అమ్మి నా సంసారం ముంచినవు గదనమ్మా!"

ముసలామె బల్లను చూసి గోడ పట్టుకుంది.

"చెప్తే కొనరని చెప్పలే బిడ్డా. ఇంట్ల మందులకు లేకుండె. నా కొడుకు రహమాన్‌కు తెలిసి నన్ను తిట్టి, తెల్లారే మీ ఊరి బస్సెక్కిండు. ఇద్దరు ముగ్గురు లేపి ఎక్కించిండ్రు. వచ్చి చెప్పలేదా?"



లోపలి నుంచి చక్రాల చప్పుడు దగ్గరైంది.

"ఆయన నడుస్తున్నడా చెల్లె?" అని అడిగాడు, ఆ బల్లను దుబాయి నుంచి తెచ్చుకుని అందరికన్నా ముందు దాని మీదే నడక పోగొట్టుకున్న రహమాన్.