సీటు కాస్త పైకి లేపండి

మా ఆయన కొత్త సైకిలు కొని, నిట్టనిలువు కొండ మీదికి దండయాత్రకు బయల్దేరాడు. వెనకాల కారులో నేను.

"సీటు కాస్త పైకి లేపండి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి," అని అరిచాను.

"సైకిలు గురించి నీకేం తెలుసే?" అన్నాడు రొప్పుతూ.

నాలుగు మలుపులకే నాలుక బయటపెట్టి, సైకిలుతో సహా కారెక్కాడు. శిఖరం కనబడగానే దిగి, సీసాలో నీళ్లు మొహాన చల్లుకుని, అదే చెమటన్నట్టు తొక్కుకుంటూ పైకి చేరాడు. ఆర్భాటానికి మాత్రం తక్కువ లేదు.

"ఫోటో తియ్యి! ఈ కొండ ఎక్కాలంటే మగాడై పుట్టాలి," అన్నాడు మీసం దువ్వుతూ.

కొండమీది టీకొట్టామె ఆయన వంక చూడనైనా లేదు. నాకు గ్లాసు అందిస్తూ, "ఏమ్మా, ప్రతివారం సైకిలు మీదే వచ్చేదానివి, ఇవాళ కారేంటి? కాలు గానీ బెణికిందా?" అంది.