పొంతన లేని జవాబులు

"కిటికీ పక్కన నేను కూర్చుంటానని ముందే చెప్పానా లేదా?" అంది ఆవిడ.

"కూర్చుని ఏం చూస్తావు, మబ్బులేగా. లోపలికి జరుగు," అన్నాడు వంటాయన.

విమానంలో వాళ్ళ వెనక పాతికమంది సంచులతో నిలబడిపోయారు. చివరికి కిటికీ ఆవిడకే దక్కింది. తీరా చూస్తే రెక్క అడ్డమొచ్చి మబ్బులు కూడా కనపడలేదు. ఆయన ఊరుకుంటాడా, ఆ మాట మూడుసార్లు ఎత్తిపొడిచాడు.

మూడో సీటులో ఒక టీచరమ్మ ఉంది. పెళ్ళయి ఎన్నేళ్ళయిందని మర్యాదకి అడిగింది పాపం. ఆయన పద్దెనిమిది అన్నాడు, ఆవిడ పంతొమ్మిది నడుస్తోంది అంది. దాని మీద ఇంకో అరగంట నడిచింది. మీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందే అని నవ్వుకుంటూ టీచరమ్మ దుప్పటి ముసుగేసింది. ఆమె నిద్రపోయాక వాళ్ళ తగువూ నిద్రపోయింది. ఆయన ముందున్న తెరని, ఆవిడ ఆ రెక్కని చూస్తూ పదకొండు గంటలు కూర్చున్నారు.

సరదాకి చేస్తున్న ప్రయాణం కాదిది. అక్కడెక్కడో ఒక హాస్టల్లో వంటకీ, పైపనికీ మొగుడూ పెళ్ళాం కావాలన్నారు. విడిగా వచ్చేవాళ్ళు వద్దన్నారు, ఎందుకంటే ఇచ్చేది ఒకే గది. ఆయన వండే మెస్సు మూతపడి ఏడాదయింది. ఆవిడ కుట్టుపని చేసే కంపెనీకి తాళం పడి ఆరు నెలలు. ఇద్దరికీ ఈ పని తప్ప ఇంకో దారి లేదు. పంపిన ఏజెంటు ముందే హెచ్చరించాడు: దొంగ జంటలు ఎక్కువయ్యాయట, అందుకని దిగగానే విడదీసి ప్రశ్నలడుగుతారు, అనుమానం వస్తే ఆ సాయంత్రం విమానానికే వెనక్కి ఎక్కించేస్తారు.

దిగాక వరసలో వాళ్ళ ముందు ఒక కుర్ర జంట నిలబడింది. చేతిలో నోటుపుస్తకం, ఒకరు అడగడం, ఇంకొకరు ఒప్పజెప్పడం. పరీక్ష హాలు బయట పిల్లల్లా ఉన్నారు.

"మీరేమీ రాసుకోలేదా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

"రాసుకుంటే చదవాలిగా. ఈయన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఈయనకే తెలీదు."

ఆయన జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

లోపల ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టారు. మన భాష వచ్చిన ఒకమ్మాయి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పింది. ప్రశ్నలు పన్నెండు. అయిపోయాక అధికారి ఇద్దర్నీ తన బల్ల ముందుకి పిలిపించి కాగితాలు పక్కపక్కన పెట్టి పైకి చదివించాడు. కలిసిన జవాబులు మూడంటే మూడు. పొద్దున్నే ముందు ఎవరు లేస్తారంటే ఇద్దరూ నేనే అన్నారు. ఇంటి తలుపు ఆయనకి ఆకుపచ్చ, ఆవిడకి నీలం. అధికారి మొహం గంటు పెట్టుకుని, టీ సంగతేమిటని అడిగాడు.

"దీనికి టీలో రెండు చెంచాలు చక్కెర పడాలండీ," అన్నాడు ఆయన.

"చక్కెర మానేసి నాలుగు నెలలయింది. ఈయన చూస్తేగా."

"మానేస్తే నాతో చెప్పాలా వద్దా?"

"ఇంట్లో మనిషికి చక్కెర జబ్బు వస్తే దండోరా వేయించాలా? మాత్రలు మీ కళ్ళ ముందే మింగుతున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం ఎక్కడలేని చూపూ వస్తుంది."

"ఉప్పెక్కువని నేనేనాడు అన్నాను? తలుపు నీలమట, నీలం. నా చేత్తో రంగేశాను నేను."

"సగం వేసి వదిలేశారు. నీలం వేయించింది నేను."

ఆ అమ్మాయి అందుకోలేక, చెప్పడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. అధికారి కాసేపు చూశాడు. ఏదో అనుకుంటూ రెండు పాసుపోర్టుల మీదా ముద్ర గుద్దేశాడు. బట్టీ పట్టినవాళ్ళకి పన్నెండూ కలుస్తాయి, కాపురం చేసేవాళ్ళకి కలవవు, మా ఇంట్లోనూ ఇంతే అన్నాడట. బయటికి తీసుకొస్తూ ఆ అమ్మాయే చెప్పింది.

బయట బెంచీ మీద ఆ కుర్ర జంట ఉన్నారు. వాళ్ళకి పన్నెండూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. సాయంత్రం విమానానికి పంపేస్తున్నారు.

"మాకు నిజంగానే పెళ్ళయిందక్కా," అంది ఆ పిల్ల. "భయమేసి రాసుకున్నాం, అంతే."

ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన సూట్‌కేసు అందుకుని, పద పద అని తొందరపెట్టాడు.

హాస్టలు మేనేజరమ్మ ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంది. స్నానాలవగానే నాలుగు పొయ్యిలూ, సామాన్ల గదీ, బియ్యం డబ్బాలూ చూపించింది. ఆ పూటే అరవైమందికి వండాడు ఆయన. ఆవిడ కూరలు తరిగి, గిన్నెలు తోమి, బల్లలు తుడిచింది. ముక్కలు లావుగా కోశావని ఆయన మేనేజరమ్మ ఎదుటే విసుక్కున్నాడు. పళ్ళున్నవాళ్ళే తింటారులెండి అని ఆవిడ తిప్పికొట్టింది. మేనేజరమ్మకి భాష రాకపోయినా సంగతి అర్థమయింది. ముసిముసిగా నవ్వి, మేడ మీద గది తాళం ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

గదిలో ఒక మంచం, ఒక అలమారు, ఒక కుర్చీ. ఆవిడ మంచం అంచున కూర్చుంది. బెంచీ మీది పిల్ల మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆయన కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నోరు మూయని మనుషులు, ఆయన గుమ్మం బయటికీ, ఆవిడ అలమారు వంకా చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆవిడే అడిగింది.

"ఇంటి దగ్గర మీ ఆవిడని కూడా ఇలాగే తిడతారా?"