మొదటి ముక్క

నేను నోవేతును. డెబ్భై ఒక్క ఏళ్లు. ఇంట్లో నేనూ, మరిది మ్బులేలో ఉంటాం.

నా రోగం తగ్గాలని మరిది చనిపోయిన పెద్దల పేరిట మేకను కోశాడు. మా ఖోసా తెగ ఆనవాయితీలో మొదటి ముక్క రోగే తినాలి. నేను ఆ ముక్క నోట పెట్టలేదు.

"ఏం వదినా, పెద్దలు పెట్టింది చేదైందా? మంత్రగత్తెవే నువ్వు!" అన్నాడు అందరిలో.

"పశువుల పిడుదు కుట్టిన కాడినుంచి మాంసం పడట్లేదురా. తింటే ఊపిరాడదు. నర్సమ్మనే అడుగు."

మంత్రగత్తె అన్నందుకే వాడి మీద మీ దగ్గర తగవు పెట్టాను. ఊరిపెద్దా, ఆ తగవును కొట్టేయండి.

పశువుల వెంట తిరిగిన నా మొగుడికీ మాంసం తింటే ఇలాగే అయ్యేది. బాగుపడాలని మూడు మేకలు కోయించాను. మూడుసార్లూ, వద్దంటున్నా, మొదటి ముక్క నేనే నోట్లో కుక్కాను. మూడో మేక నాడే పోయాడు.

నోవేతు వేలిముద్ర.
సాక్షులు: మ్బులేలో, ఇది రాసిన నర్సు థండేకా.